మూలకణ మార్పిడి ట్రయల్: ఏ డోసు ఇవ్వాలో కంప్యూటర్ తేలుస్తుందట, ఒప్పుకోవచ్చా?

విభాగం: రక్త క్యాన్సర్లు › మార్పిడి చికిత్స › పరిశోధన, ట్రయల్స్

సుజాత_కె
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ఏఎంఎల్ అనే రక్త క్యాన్సర్. కీమోతో రెమిషన్ వచ్చింది, అంటే జబ్బు కనపడకుండా పోయింది. జన్యు పరీక్షల్లో మాత్రం జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని తేలింది, అందుకని మూలకణ మార్పిడి చేయాలంటున్నారు. ఇంట్లో ఎవరి హెచ్‌ఎల్‌ఏ (దాతకూ రోగికీ కణాలు కలుస్తాయో చూసే గుర్తులు) కలవలేదు. రిజిస్ట్రీలో పూర్తిగా కలిసిన దాత దొరికారు. ఇంతవరకు బాగానే ఉంది.

నిన్న డాక్టర్ గారు ఒక ట్రయల్ గురించి చెప్పి, ఇంత మందాన ఫారం చేతిలో పెట్టారు. కణాలు ఎక్కించాక మూడో రోజు, నాలుగో రోజు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇస్తారట. ఒక గుంపుకు మామూలు డోసు, ఇంకో గుంపుకు అందులో సగం. ఎవరికి ఏదో కంప్యూటర్ నిర్ణయిస్తుందట. చీటీలు వేసి తేల్చే విషయమా ఇది? ఏది మంచిదో డాక్టరుకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పైగా ఫారంలో ప్రధాన ఫలితం "జీఆర్‌ఎఫ్‌ఎస్" అని రాశారు. మనిషి బతికాడా లేదా అన్నది కదా ముందు చూడాల్సింది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

అనుమానం_పక్షి
సుజాత గారూ, తొందరపడి సంతకం పెట్టకండి. ట్రయల్ అంటే ఎంత తియ్యగా చెప్పినా మన మీద చేసే ప్రయోగమే. ఏది పనిచేస్తుందో తెలిస్తే అదే ఇవ్వాలి. తెలియకపోతే పాత పద్ధతిలోనే చేయమనండి. డబ్బు ఎవరు పెడుతున్నారో కూడా అడగండి. చాలాసార్లు అసలు సంగతి అక్కడే ఉంటుంది.

లెక్కల_మాస్టారు
డబ్బు గురించి అడగమన్నది మంచి సలహా. మిగతాదానితో నేను ఏకీభవించను.

మీరు "పాత పద్ధతి" అంటున్నది కూడా ఒకప్పటి ప్రయోగమే. ఇ. డొనాల్ థామస్ బృందం 1957లో మూలుగను నరంలోకి ఎక్కించిన మొదటి రోగుల వివరాలు ప్రచురించినప్పుడు వాళ్లలో ఎవరూ ఎక్కువ కాలం బతకలేదు. 1977లో అదే బృందం, ఇక ఏ మందూ పనిచేయని దశలో ఉన్న 100 మంది లుకేమియా రోగుల లెక్క చెప్పింది. అందులో దీర్ఘకాలం జబ్బు లేకుండా నిలిచింది 13 మంది. ఆ 13 మందిని చూశాకే, రోగి అంతగా దిగజారకముందు, రెమిషన్‌లో ఉండగానే చేస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్నకు బలం వచ్చింది. ఇవాళ సుజాత గారి తమ్ముడికి రెమిషన్‌లో మార్పిడి చేద్దామంటున్నారంటే దాని వెనక ఆ ప్రశ్న ఉంది. థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది.

ట్రయల్ చేయకుండా "ఇది మంచిదేలే" అనుకుంటే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. రక్త క్యాన్సర్ కాదు గానీ, 1990లలో రొమ్ము క్యాన్సర్‌కు భారీ కీమో ఇచ్చి, రోగి సొంత మూలకణాలనే తిరిగి ఎక్కించే పద్ధతి వేలమంది మహిళలకు చేశారు. రుజువు రాకముందే. 1999లో ట్రయల్స్ ఫలితాలు బయటికొస్తే దాదాపు అన్నింట్లోనూ లాభం కనపడలేదు. ఒక్క దక్షిణాఫ్రికా ట్రయల్‌లో మాత్రం అద్భుతంగా పనిచేసిందని వచ్చింది. 2000లో ఆడిటర్లు వెళ్లి చూస్తే రికార్డులే సరిగా లేవు. తప్పుడు వివరాలు ఇచ్చానని ఆ పరిశోధకుడే ఒప్పుకున్నాడు. ఆ మహిళలు అనుభవించిన విషప్రభావం మాత్రం నిజం.

డాక్టరుకు నిజంగా తెలియదు కాబట్టే కంప్యూటర్‌కు వదిలేస్తున్నారు. తెలిసి కూడా అలా చేస్తే అది అన్యాయం. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.

హెమటాలజీ_రెసిడెంట్
సైక్లోఫాస్ఫమైడ్ సంగతి నేను చెబుతాను. మార్పిడిలో రోగి పాత మూలుగను కీమోతోనో రేడియేషన్‌తోనో అణచివేసి (దీన్నే కండిషనింగ్ అంటాం) దాత కణాలు ఎక్కిస్తాం. వాటితోపాటు దాత టీ కణాలు (రోగనిరోధక తెల్లకణాలు) కూడా వస్తాయి. అవి రోగి శరీరాన్ని పరాయిదనుకుని దాడి చేస్తే జీవీహెచ్‌డీ. అవే టీ కణాలు మిగిలిన లుకేమియా కణాలను కూడా చంపుతాయి. దాన్నే గ్రాఫ్ట్ వర్సెస్ లుకేమియా అంటాం. మార్పిడి పనిచేయడానికి సగం కారణం అదే.

ఇది ఊహ కాదు. 1990లో 2,254 మంది రోగుల రిజిస్ట్రీ వివరాలు విశ్లేషిస్తే, అచ్చం ఒకేలా పుట్టిన కవలల నుంచి కణాలు తీసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనపడింది. టీ కణాలు తీసేసి ఎక్కించినవాళ్లలోనూ అంతే. జీవీహెచ్‌డీ వచ్చినవాళ్లలో తక్కువ. అంటే జీవీహెచ్‌డీని పూర్తిగా లేకుండా చేస్తే ఇంకో వైపు నుంచి లుకేమియా వచ్చి పడొచ్చు.

జాన్స్ హాప్కిన్స్ వాళ్లు సగం మాత్రమే కలిసిన దాతలతో మార్పిడి చేయడం కోసం ఈ పద్ధతి రూపొందించారు. కణాలు ఎక్కించాక మూడు, నాలుగు రోజుల్లో కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున సైక్లోఫాస్ఫమైడ్. అప్పటికి దాడికి దిగిన టీ కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి కాబట్టి దెబ్బతింటాయి. మూలకణాల్లో ఆల్డిహైడ్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ ఎక్కువ, అది మందును నిర్వీర్యం చేస్తుంది కాబట్టి అవి తప్పించుకుంటాయి. తర్వాతి ఎలుకల ప్రయోగాల్లో కథ ఇంత సూటిగా లేదని తేలింది. దాడి చేసే కణాలన్నీ చచ్చిపోవడం లేదు, పస తగ్గి మిగులుతున్నాయి. వాటిని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలు పుంజుకుంటున్నాయి.

పూర్తిగా కలిసిన దాతలకూ ఇది పనికొస్తుందా అని చూసిన పెద్ద ట్రయల్ బీఎంటీ సీటీఎన్ (అమెరికాలోని మార్పిడి ట్రయల్స్ నెట్‌వర్క్) 1703. 2023లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వచ్చింది. తక్కువ తీవ్రత కండిషనింగ్ తీసుకున్న 431 మంది. ఏడాదికి జీఆర్‌ఎఫ్‌ఎస్ (జబ్బు తిరగబెట్టకుండా, తీవ్రమైన జీవీహెచ్‌డీ లేకుండా బతికి ఉన్నవారు) కొత్త పద్ధతిలో 52.7 శాతం, పాత టాక్రోలిమస్, మెథోట్రెక్సేట్ మందుల పద్ధతిలో 34.9 శాతం. తీవ్రమైన అక్యూట్ (మొదటి నెలల్లో వచ్చే) జీవీహెచ్‌డీ 6.3, 14.7 శాతం. జబ్బు తిరగబెట్టడం రెండింట్లో దాదాపు సమానం.

సుజాత_కె
అంత బాగా పనిచేసినప్పుడు డోసు సగానికి తగ్గించడం దేనికండీ?

హెమటాలజీ_రెసిడెంట్
ఆ మందు ఊరికే పోదు కాబట్టి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఆ లోపు ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. పెద్ద డోసులో గుండె మీదా ప్రభావం ఉంటుంది. 50 అన్న అంకె మనుషుల్లో రకరకాల డోసులు పోల్చి చూసి తేల్చినది కాదు. ఎలుకల్లో అయితే మధ్యస్థ డోసు ఎక్కువ డోసుకన్నా బాగా పనిచేసింది. మనుషుల్లో సగం డోసు సరిపోతుందా, లేక జీవీహెచ్‌డీ మళ్లీ తలెత్తుతుందా అన్నదే మీ ఫారంలో ఉన్న ప్రశ్న. రెండు వైపులా భయాలున్నాయి. నన్ను పందెం కాయమంటే కాయను.

అనుమానం_పక్షి
సరే, ఒప్పుకుంటా. మరి కంపెనీ మాటేమిటి?

లెక్కల_మాస్టారు
సైక్లోఫాస్ఫమైడ్ 1959లోనే అమెరికాలో అనుమతి పొందిన మందు. పేటెంట్ ఎప్పుడో పోయింది. దాని డోసు తగ్గిస్తే ఏ కంపెనీకీ పెద్దగా ఒరిగేదేమీ లేదు. అందుకే ఇలాంటి ప్రశ్నలు ఎక్కువగా ప్రభుత్వ నిధులతోనో, ఆసుపత్రుల బృందాలు కలిసో చూడాల్సి వస్తుంది.

రెండో_పుట్టినరోజు
సుజాత గారూ, జీఆర్‌ఎఫ్‌ఎస్ గురించి అడిగారు. నేను మార్పిడి చేయించుకున్నవాణ్ణి. ఏళ్లు గడిచాయి, లుకేమియా జాడ లేదు. ఏ పట్టికలో చూసినా నేను "బతికినవారు" గడిలో ఉంటాను.

కానీ కళ్లల్లో నీరు ఊరదు, గంటకోసారి చుక్కలు వేసుకోవాలి. నోరు ఎండిపోయి కారం తగిలితే మంట. మోచేతుల దగ్గర చర్మం బిగుసుకుపోయి చేయి పూర్తిగా చాపలేను. స్టెరాయిడ్ల వల్ల తుంటి ఎముక దెబ్బతింది. క్రానిక్ జీవీహెచ్‌డీ అంటే ఇదీ. ప్రాణం దక్కిందన్న కృతజ్ఞత లేక చెప్పడం లేదు. నాలాంటివాణ్ణీ, మార్పిడి తర్వాత హాయిగా పరుగెత్తేవాణ్ణీ ఒకే గడిలో వేసే లెక్కతో మాత్రం నాకు పేచీ. జీఆర్‌ఎఫ్‌ఎస్ వచ్చాకే ఆ గడి రెండుగా చీలింది.

లెక్కల_మాస్టారు
ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. నిర్వచనం మాత్రం రాస్తాను. మరణం, జబ్బు తిరగబెట్టడం, మూడు లేదా నాలుగో గ్రేడు అక్యూట్ జీవీహెచ్‌డీ, ఒళ్లంతటికీ పనిచేసే మందులు వాడాల్సినంత క్రానిక్ జీవీహెచ్‌డీ. ఈ నాలుగింట్లో ఏదీ లేకుండా ఎంతమంది ఉన్నారన్నదే జీఆర్‌ఎఫ్‌ఎస్.

ఇందులో ఒక చిక్కుంది. కొన్ని నెలల స్టెరాయిడ్‌తో సర్దుకునే చర్మం జబ్బూ ఒక సంఘటనే, మరణమూ ఒక సంఘటనే. లెక్కలో రెండూ సమానం. కాబట్టి మొత్తం అంకె చూసి ఊరుకోకుండా నాలుగు భాగాలూ విడివిడిగా ఎటు కదిలాయో చూడాలి. 1703లో మెరుగుదల ముఖ్యంగా జీవీహెచ్‌డీ వైపు నుంచి వచ్చింది. మొత్తం మీద ఎంతమంది బతికారన్నదాంట్లో స్పష్టమైన తేడా తేలలేదు. అంతమాత్రాన ఆ ట్రయల్ చిన్నదైపోదు, పై పోస్టు చదివితే ఎందుకో తెలుస్తుంది.

రెండో_పుట్టినరోజు
ఒకటి అడగాలి మాస్టారూ. నాకు దాత చేతి నరం నుంచి తీసిన కణాలు ఎక్కించారు. మూలుగ నుంచి తీస్తే క్రానిక్ జీవీహెచ్‌డీ తక్కువని తర్వాతెప్పుడో చదివాను. అప్పట్లో మా డాక్టరు ఆ ఊసే ఎత్తలేదు. నిజమేనా అది?

లెక్కల_మాస్టారు
నిజమే. బీఎంటీ సీటీఎన్ 0201, 2012లో ప్రచురించారు. బంధువులు కాని దాతలతో 551 మంది. రెండేళ్లకు బతికినవారు రక్త కణాలతో 51, మూలుగతో 46 శాతం, అది గణాంకపరంగా తేడా కాదు. క్రానిక్ జీవీహెచ్‌డీ మాత్రం రక్తం నుంచి తీసిన కణాలతో 53 శాతం, మూలుగతో 41 శాతం. ఆ ఫలితం వచ్చాక కూడా చాలా కేంద్రాలు పద్ధతి మార్చుకోలేదు. నాకైతే ఇది ఈ రంగానికి మచ్చ అనిపిస్తుంది.

హెమటాలజీ_రెసిడెంట్
మచ్చ అనడం కాస్త ఎక్కువేమో మాస్టారూ. అదే ట్రయల్‌లో కణాలు నాటుకోకపోవడం మూలుగతో 9 శాతం, రక్త కణాలతో 3 శాతం. నాటుకోకపోతే ఏమవుతుందో వార్డులో చూసినవాళ్లు ఆ తేడాను తేలిగ్గా తీసుకోరు. రక్త కణాలతో కౌంట్లు కూడా త్వరగా లేస్తాయి. దాతకు మత్తు ఇచ్చి తుంటి ఎముకలోంచి తీయడం కన్నా నరం నుంచి తీయడం సులభం.

లెక్కల_మాస్టారు
దాతకు, ఆసుపత్రికి సులభం. బాధ రోగిది. తీవ్రత తక్కువ కండిషనింగ్‌లో మీ వాదనకు బలం ఉంది, కాదనను. కానీ 0201లో ఎక్కువమందికి ఇచ్చింది పూర్తి తీవ్రత కండిషనింగే. కనీసం రోగికి రెండు అంకెలూ చెప్పి అడగాలి కదా.

రెండో_పుట్టినరోజు
అడిగి ఉంటే నేను ఏం ఎంచుకునేవాడినో తెలియదు. అడగలేదు, అదే నా బాధ.

వెంకట్రావు_మైలోమా
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు మైలోమా అనే రక్త క్యాన్సర్. నా సొంత కణాలతోనే మార్పిడి చేద్దామంటున్నారు. ఇప్పుడు కొత్త మందులొచ్చాయి, మార్పిడి అవసరమే లేదని మా అబ్బాయి అంటున్నాడు.

హెమటాలజీ_రెసిడెంట్
వెంకట్రావు గారూ, మీది ఆటోలోగస్. దాత లేడు, జీవీహెచ్‌డీ లేదు. మెల్ఫలాన్ అనే కీమో మందు భారీ డోసులో ఇచ్చి, ముందే తీసి దాచిన మీ కణాలు తిరిగి ఎక్కిస్తారు. మీ అబ్బాయి ప్రశ్ననే డిటర్మినేషన్ అనే ట్రయల్ 722 మందిలో వేసింది, 2022లో ఫలితం వచ్చింది. మార్పిడి చేసినవారిలో జబ్బు ముదరకుండా నిలిచిన మధ్యస్థ కాలం 67.5 నెలలు, మందులు మాత్రమే వాడినవారిలో 46.2 నెలలు. ఐదేళ్లకు బతికినవారు మాత్రం 80.7, 79.2 శాతం. దాదాపు ఒకటే. మార్పిడి గుంపులో 10 మందికి తర్వాత ఏఎంఎల్ లేదా ఎండీఎస్ (మూలుగ రక్తకణాలను సరిగా తయారుచేయని జబ్బు) వచ్చింది, రెండో గుంపులో ఎవరికీ రాలేదు.

అంటే మార్పిడితో జబ్బు లేని కాలం దాదాపు రెండేళ్లు పెరుగుతోంది, ఆయుష్షు పెరిగినట్టు ఇంకా కనపడలేదు. ఇప్పుడే చేయించుకోవచ్చు, కణాలు తీసి దాచుకుని తర్వాతా చేయించుకోవచ్చు. మీ అబ్బాయి పూర్తిగా తప్పు కాదు, మీ డాక్టరూ తప్పు కాదు. ఒక్క మాట, ఆ ట్రయల్‌లోకి 65 ఏళ్ల వరకు వయసున్నవాళ్లనే తీసుకున్నారు.

మోడరేటర్
వెంకట్రావు గారి ప్రశ్నకు విడిగా చర్చ తెరిచాను, మైలోమా సంగతులు అక్కడ కొనసాగించండి. ఇక్కడ సుజాత గారి విషయమే మాట్లాడదాం.

అనుమానం_పక్షి
అయితే అసలు ప్రశ్నకే వస్తాను. ట్రయల్ సంగతి అటుంచండి, మార్పిడే అవసరమా? మార్పిడి చేయించుకున్నవాళ్లు చేయించుకోనివాళ్లకన్నా ఎక్కువ కాలం బతికారని ఎక్కడ చూసినా రాస్తారు. నమ్మాలా?

లెక్కల_మాస్టారు
ఆ వాక్యం అలాగే రాసి ఉంటే నమ్మకండి! మీరు మంచి చోట పట్టుకున్నారు.

మార్పిడి దాకా రావాలంటే రోగి కొన్ని నెలలు బతికి ఉండాలి, రెమిషన్ రావాలి, దాత దొరకాలి, గుండె, కాలేయం తట్టుకోవాలి. మధ్యలో పోయినవాళ్లంతా "చేయించుకోని" గుంపులో పడతారు. అలా పోల్చడం రేవు చేరిన ఓడలనే లెక్కపెట్టి సముద్రం ప్రశాంతంగా ఉందనడమే.

దీన్ని దాటడానికి ఒక ఉపాయం ఉంది. ఎవరికి మార్పిడి చేశారన్నది చూడకుండా, ఎవరికి దాత దొరికారన్నది చూడటం. ఎండీఎస్ రోగుల్లో బీఎంటీ సీటీఎన్ 1102 అలాగే చేసింది. 50 నుంచి 75 ఏళ్ల వయసున్న 384 మంది. దాత దొరికాడా లేదా అన్నదాన్ని బట్టి గుంపులు చేశారు. దాత ఉండి కూడా మార్పిడి దాకా రాకుండా చనిపోయినవాళ్లను కూడా దాత గుంపులోనే లెక్కించారు. మూడేళ్లకు బతికినవారు దాత ఉన్నవారిలో 47.9 శాతం, లేనివారిలో 26.6 శాతం. ఇది నమ్మదగ్గ తేడా. ఏఎంఎల్‌లో కూడా ప్రమాదం ఎక్కువగా ఉన్న రకాలకు మొదటి రెమిషన్‌లో మార్పిడి అన్నది ఇలాంటి పోలికల మీదే నిలబడింది. ప్రమాదం తక్కువగా ఉన్న రకాలకు అంత లాభం లేదు, అందుకే వాళ్లకు మొదట కీమోతోనే సరిపెడతారు. సీఎంఎల్ అనే ఇంకో రకం లుకేమియా అయితే ఒకప్పుడు మార్పిడికి పెద్ద కారణం. 2001లో ఇమాటినిబ్ అనే మందు వచ్చాక ఆ లైను దాదాపు ఖాళీ అయింది.

సుజాత_కె
తమ్ముడికి తక్కువ తీవ్రత కండిషనింగ్ ఇస్తామన్నారు. తక్కువంటే జబ్బు మిగిలిపోదా అని ఇంకో బెంగ.

హెమటాలజీ_రెసిడెంట్
ఆ బెంగలో అర్థముంది. బీఎంటీ సీటీఎన్ 0901 అచ్చంగా దాన్నే చూసింది. ఏఎంఎల్, ఎండీఎస్ ఉన్న 272 మంది. ఏడాదిన్నరకు జబ్బు తిరగబెట్టింది తక్కువ తీవ్రతలో 48.3 శాతం, పూర్తి తీవ్రతలో 13.5 శాతం. చికిత్స వల్ల మరణాలు మాత్రం 4.4, 15.8 శాతం, అంటే అక్కడ తక్కువ తీవ్రతదే పైచేయి. తిరగబెట్టడంలో తేడా అంత పెద్దది కావడంతో ట్రయల్‌ను ముందే ఆపేశారు. తర్వాత ఆ రోగుల నమూనాలు పరీక్షిస్తే, మార్పిడికి ముందు రక్తంలో మ్యుటేషన్లు ఇంకా కనపడుతున్నవాళ్లకు తక్కువ తీవ్రత బాగా నష్టం చేసిందని తేలింది.

అయితే ఆ ట్రయల్‌లోకి తీసుకున్నది రెండు రకాలూ తట్టుకోగలవాళ్లనే. మీ తమ్ముడి గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు, ఎంఆర్‌డీ (సున్నితమైన పరీక్షల్లో మాత్రమే పట్టుబడే మిగులు జబ్బు) రిపోర్టు చూడకుండా నేను ఇక్కడ కూర్చుని ఏమీ అనలేను. "తక్కువ తీవ్రత ఎందుకు ఎంచారు, ఎంఆర్‌డీ ఎంతుంది" అని సూటిగా అడగండి. ఆ జవాబు ట్రయల్ డోసుకన్నా ముఖ్యం కావచ్చు.

ట్రాన్స్‌ప్లాంట్_నర్సు
ఆలస్యంగా చూశాను. ట్రయల్ రోగులతో పనిచేసే నర్సుని. ఫారం గురించి రెండు మాటలు.

ట్రయల్‌లోంచి ఎప్పుడైనా తప్పుకోవచ్చని అందులో రాసి ఉంటుంది, అది నిజం. తప్పుకున్నా చికిత్స ఆపరు. కానీ కండిషనింగ్ మొదలయ్యాక మార్పిడి నుంచి మాత్రం వెనక్కి రాలేరు. మూలుగ ఖాళీ అయ్యాక దాత కణాలు ఎక్కించకపోతే ప్రాణానికే ముప్పు. ఈ రెండూ ఒకటే అనుకుని కంగారుపడే కుటుంబాలను చాలా చూశాను. ఆలోచించుకోవాల్సిందంతా కండిషనింగ్‌కు ముందే ఆలోచించుకోండి.

సగం డోసు గుంపులో జీవీహెచ్‌డీ పెరిగితే ఎవరు చూస్తారు, ఏ స్థాయి దాటితే ఆపేస్తారు అని అడగండి. డేటా సేఫ్టీ మానిటరింగ్ బోర్డు ఉంటుంది, ఆపే నియమాలు ముందే రాసిపెట్టుకుంటారు. ట్రయల్‌లో చేరకపోతే ఏ డోసు ఇస్తారని కూడా అడగండి. అది చాలామంది మరిచిపోతారు. అదనపు రక్త నమూనాలు, అదనపు విజిట్లు ఎన్నో చూడండి. ఇంకొకటి, మీరు కాదు, మీ తమ్ముడు చదవాలి. సంతకం ఆయనది.

సుజాత_కె
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ వాణ్ణి తీసుకుని మళ్లీ వెళ్లాం. వాడే అడిగాడు అన్నీ, నేను పక్కన కూర్చున్నాను.

చేరకపోతే మామూలు డోసే ఇస్తారట. ఎంఆర్‌డీ నెగెటివ్ వచ్చింది. మొదటి కీమోలో గుండె కాస్త దెబ్బతిందట, అందుకే తక్కువ తీవ్రత ఎంచారు. మామూలు డోసు సైక్లోఫాస్ఫమైడ్ అంటే అదే గుండెకు ఇంకో భారం కాబట్టి ఈ ట్రయల్ ప్రశ్న వాడికి సూటిగా తగులుతుందన్నారు. అలాగని సగం డోసే మంచిదని చెప్పలేమనీ అన్నారు. ఆపే నియమాలున్న పేజీ చూపించారు. డబ్బు ప్రభుత్వ గ్రాంటు, అనుమానం పక్షి గారూ, అదీ అడిగాం. వాడు చేరడానికే మొగ్గు చూపుతున్నాడు. వారాంతం దాకా టైమిచ్చారు.

చివర్లో ఇంకో కాగితం ఉంది, నమూనాలు దాచి భవిష్యత్ పరిశోధనకు వాడుకుంటామని. అది కూడా తప్పనిసరా?

ట్రాన్స్‌ప్లాంట్_నర్సు
మామూలుగా అది వేరే సంతకం. వద్దంటే ట్రయల్‌కు అడ్డు కాదు. అలా కాకుండా రెండింటికీ ముడిపెట్టి ఉంటే ఫారంలోనే రాసి ఉండాలి, అడిగి చూడండి.

అనుమానం_పక్షి
ఆ రెండో కాగితంలో జన్యు వివరాలు ఎవరితో పంచుకుంటారో కూడా చదవమనండి. అది నా మాటగా చెప్పండి.

రెండో_పుట్టినరోజు
సుజాత గారూ, ఏ గుంపులో పడ్డా కండిషనింగ్‌కు ముందు పళ్ల డాక్టరుకు ఒకసారి చూపించండి. పుచ్చుపళ్లుంటే ఇప్పుడే తీసేయించాలి, కౌంట్లు పడిపోయాక ముట్టుకోనివ్వరు. కళ్లు కూడా చూపించి రిపోర్టు దాచండి. తర్వాత పొడిబారితే ముందెలా ఉండేవో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

సుజాత_కె
పళ్లు చూపించాం అన్నయ్యగారూ, ఒకటి తీశారు. కళ్ల సంగతి తట్టలేదు. రేపు అడుగుతాను.